మంచు ట్రే మీద బూటు

ట్రాయ్‌లో ఇమ్మాన్యుయేల్ గారి కాలు విరిగిన సంగతి అక్కడి తెలుగువాళ్ళందరికీ తెలుసు. కాలు విరగడం పెద్ద వింతేం కాదు. మిషిగన్‌లో ప్రతి చలికాలమూ ఎవరో ఒకరు మంచు మీద జారి పడుతూనే ఉంటారు. ఈయన విషయం జనం పదే పదే చెప్పుకోవడానికి కారణం ఆయన ఉద్యోగం. పాతికేళ్ళుగా ఆయన కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబులో ఇంజనీరు. తిరిగే చక్రాన్ని ఏ పదార్థం ఎంత గట్టిగా పట్టుకుంటుంది, తడిస్తే ఆ పట్టు ఎంత తగ్గుతుంది, వేడెక్కితే ఎంత తగ్గుతుంది అని తేల్చడమే ఆయన పని. "ఊళ్ళో కార్లన్నిటికీ పట్టు ఇచ్చినాయన తన కాలికి ఇచ్చుకోలేకపోయాడు" అని తెలుగు చర్చిలో ఎవరో అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. నవ్వి ఊరుకున్నారు.

ఆయనది రేపల్లె. తండ్రి దైవాశీర్వాదం రైల్వేలో గార్డుగా చేశారు. ఇమ్మాన్యుయేల్ కాకినాడలో మెకానికల్ చదివి, చెన్నైలో బ్రేకు సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు చేసి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చారు. భార్య షెరిన్ డయాలిసిస్ నర్సు. కొడుకు ఎవాన్ ఒహాయోలో చదువుతున్నాడు. మనిషి నెమ్మది. ఏ పనైనా ఒకటికి మూడుసార్లు చూసుకుంటారు. ఇంటి తాళం వేశాక గుంజి చూస్తారు, కారు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి గుంజుతారు. స్టవ్ సంగతీ అంతే. అంత జాగ్రత్త మనిషి పడిపోవడమే షెరిన్‌కి అర్థం కాని విషయం.

పడింది కిందటేడు ఫిబ్రవరిలో. వారం రోజులు ఎముకలు కొరికే చలి పెట్టి, ఒక మధ్యాహ్నం హాయిగా ఎండ కాసింది. చెత్త డబ్బా లోపలికి తెద్దామని ఆయన కోటు కూడా వేసుకోకుండా ఇంటి ముందుకు వెళ్ళారు. రెండడుగులు వేశారో లేదో కాళ్ళు రెండూ ముందుకు వెళ్ళిపోయాయి, మనిషి వెనకే ఉండిపోయారు. చీలమండ దగ్గర టప్‌మని చప్పుడు వినిపించింది. ఆపరేషన్ చేసి, లోపల ప్లేటు పెట్టి మరలు బిగించారు. ఎండాకాలం నాటికి కర్ర వదిలేశారు. శరత్కాలంలో పార్కు చుట్టూ నడిచారు కూడా. కాలు బాగుపడిందనే అందరూ అనుకున్నారు.

నవంబరులో మొదటి మంచు పడ్డ రోజు ఆయన ఇంట్లోంచి కదలలేదు. మర్నాడూ అంతే. ఇంటినుంచే పని చేస్తానని మేనేజరుని అడిగితే, కాలి సంగతి తెలిసిన మనిషి కాబట్టి సరేనన్నాడు. చర్చికి ఆదివారం షెరిన్ కారు గరాజులోనే ఎక్కించుకుని, చర్చి గుమ్మం ముందే దింపేది. రానురాను అదీ తగ్గింది. ఆన్‌లైన్‌లో ఆరాధన చూస్తానన్నారు. గరాజులో ఒక జత బూట్లు మాత్రం కొని పెట్టుకున్నారు. ట్రాక్టరు టైర్లలా లోతైన గాట్లున్న అడుగు, మడమ మీద ఎత్తైన అంచు. వాటికి కట్టిన అట్ట చీటీ ఇంకా తెంపలేదు.

ప్రొద్దున్నే ఫోనులో ఉష్ణోగ్రత చూసుకోవడం అలవాటైంది. అంకె ఎంత కిందికి పోతే ఆయన కిటికీకి అంత దూరంగా కుర్చీ వేసుకునేవారు.

"ఏవండీ, డాక్టరు నడవమన్నాడు కదా" అనేది షెరిన్.

"నడుస్తున్నాను కదా. హాల్లో నుంచి కిచెన్‌కి, కిచెన్‌లో నుంచి హాల్లోకి."

"పోనీ థెరపిస్ట్‌కి కాల్ చేయనా?"

"కాలు బాగానే ఉంది షెరిన్."

కాలు బాగానే ఉందని ఆవిడకీ తెలుసు.

వాళ్ళ వీధిలోనే రెండిళ్ళ అవతల రష్మి ఉంటుంది. వరంగల్ అమ్మాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని. భర్త తేజేశ్వర్ వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్ళి, అపాయింట్‌మెంట్ వెనక్కి జరిగి అక్కడే ఇరుక్కుపోయాడు. కూతురు దియ నాలుగో తరగతి. రష్మికి ఆఫీసు కాల్స్ ఉన్న సాయంత్రాలు దియ బ్యాగు తగిలించుకుని ఇమ్మాన్యుయేల్ ఇంటికి వచ్చేసేది.

డిసెంబరులో ఒక సాయంత్రం దియ వచ్చి, బూట్లు విప్పకుండానే చెప్పింది.

"అంకుల్, నాకు సైన్స్ నైట్ ఉంది. జాన్యువరీలో. నేను ఫ్రిక్షన్ పిక్ చేశాను."

"ఫ్రిక్షన్ ఎందుకు? వాల్కేనో చేస్తారు కదా అందరూ."

"వాల్కేనో నలుగురు చేస్తున్నారు. మమ్మీ చెప్పింది, ఇమ్మాన్యుయేల్ అంకుల్ జాబ్ ఫ్రిక్షన్ అని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దాన్ని తెలుగులో ఘర్షణ అంటారు. అను చూద్దాం."

"గర్షన."

అప్పుడే కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన రష్మి గుమ్మంలోంచే నవ్వింది. "మా ఇంట్ల రోజూ అదే అంకుల్. హోంవర్క్ కాడ ఘర్షణ, ప్లేటుల కూరగాయలు పెడితే ఘర్షణ."

"ఫైటింగ్‌కి కూడా సేమ్ వర్డా?" అంది దియ ఆశ్చర్యంగా.

"రెండు వస్తువులు ఒకదాన్నొకటి రాసుకుంటూ, నువ్వు కదలకు అంటే నువ్వు కదలకు అనుకుంటాయి. అది కూడా కొట్లాటే కదా" అన్నారు ఆయన.

ఆ రాత్రి ఆయన హుషారుగా ఒక పథకం వేశారు. స్ప్రింగు త్రాసు, కప్పీ, దారం, తూకపు రాళ్ళు, కంప్యూటరులో గ్రాఫులు. మర్నాడు దియకి చూపిస్తే మొహం మాడ్చుకుంది.

"ఇది టూ మచ్, అంకుల్. మా టీచర్ ఇంట్లో ఉన్న థింగ్స్‌తోనే చేయమంది. ఐ వాంట్ టు డూ షూస్."

"బూట్లా?"

"స్లైడ్ మీద పెట్టి, ఏది ఫస్ట్ జారుతుందో చూడాలి. దట్స్ ఇట్."

ఆయన తన పథకం పక్కన పెట్టేశారు. గరాజులోంచి పుస్తకాల బీరువా తాలూకు మిగిలిపోయిన పలక ఒకటి తెచ్చారు. ఒక చివర నేల మీద ఆనించి, రెండో చివర చేత్తో మెల్లగా పైకెత్తాలి. పలక పక్కనే కుర్చీ కాలికి స్కేలు నిలువుగా టేపుతో అంటించారు. వస్తువు జారడం మొదలుపెట్టిన క్షణాన పలక చివర ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో చూడాలి. ఎత్తు ఎక్కువైతే పట్టు ఎక్కువ. అంతే లెక్క.

ముందు రబ్బరు పెట్టారు, తర్వాత చెక్క గరిటె, ఆ తర్వాత ఎవాన్ చిన్నప్పటి ప్లాస్టిక్ ఇటుక. పలక మీద తువ్వాలు పరిచి చూశారు, అల్యూమినియం రేకు చుట్టి చూశారు, గరుకు కాగితం అంటించి చూశారు. గరుకు కాగితం మీద రబ్బరు ఎంతకీ జారలేదు. పలక దాదాపు నిట్టనిలువుగా లేచాక దొర్లి పడింది. దియ పడీ పడీ నవ్వింది. ప్రతిదీ మూడేసిసార్లు చేయాలని ఆయన పట్టుబట్టారు.

"ఒకసారి చేశాం కదా, అంకుల్!"

"ఒకసారి జరిగింది యాక్సిడెంట్ కావచ్చు. మూడుసార్లూ అదే వస్తే అప్పుడు నమ్మొచ్చు."

తర్వాత బూట్ల వంతు వచ్చింది. దియ స్కూలు బూటు ఒకటి పలక మీద పెట్టి, ఎత్తు చూసి, ఆ తర్వాత అందులో బియ్యం సంచి కుక్కింది.

"ఇప్పుడు హెవీగా ఉంది. సో ఫాస్ట్‌గా జారుతుంది. అదే నా హైపోథెసిస్."

పలక ఎత్తారు. బియ్యంతో నిండిన బూటు దాదాపు ఖాళీ బూటు జారిన ఎత్తులోనే జారింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. దియ పలకని అనుమానంగా చూసింది.

"ఏమీ అవ్వలేదు."

"ఏమీ అవ్వలేదనేదే అయింది" అన్నారు ఆయన. "బరువు పెరిగితే బూటుని కిందికి లాగేదీ పెరుగుతుంది, పలకకేసి అదిమి పెట్టేదీ పెరుగుతుంది. రెండూ ఒకే లెక్కన పెరిగాయి. ఇక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?"

దియకి సగం అర్థమైంది. మిగతా సగం కోసం ఆ బూటులో పప్పు డబ్బా పెట్టి ఇంకోసారి చేసింది.

సెలవుల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు ఆ పిల్లకి కొత్త ఆలోచన తోచింది. "అంకుల్, ఐస్ మీద చేద్దామా?"

వంటింట్లో ఉన్న షెరిన్ చేతిలో పని ఆపి, ఇమ్మాన్యుయేల్ ఏమంటారా అని చూసింది.

"ఎలా చేస్తావ్?" అన్నారాయన.

"ఆంటీ బేకింగ్ ట్రేలో వాటర్ పోసి, డెక్ మీద పెడితే రేపటికి ఫ్రీజ్ అవుతుంది."

ఆ వారం చలి తీవ్రంగా ఉంది. ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగుతోంది. ముప్ఫై రెండు డిగ్రీల దగ్గర నీళ్ళు గడ్డకట్టే ఫారెన్‌హీట్ లెక్కలో సున్నా అంటే ఎంత చలో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కరలేదు. షెరిన్ ట్రేలో నీళ్ళు పోసి, ఇంటి వెనక చెక్క డెక్ మీద సమంగా పెట్టి వచ్చింది. మర్నాడు శనివారం. దియ ఒక సంచిలో రష్మి బూట్లూ, తన పాత బూట్లూ వేసుకుని తెచ్చింది. షెరిన్ హాస్పిటల్‌లో వేసుకునే మెత్తటి చెప్పుల్లాంటి జోళ్ళు ఇచ్చింది. ఇమ్మాన్యుయేల్ గరాజులోంచి తన కొత్త బూట్లు తెచ్చి, అట్ట చీటీ కత్తిరించారు.

దియ వాటి అడుగు చూసి, "వావ్, మాన్‌స్టర్ ట్రక్!" అంది. "ఇవే విన్ అవుతాయి. అంకుల్, మీ హైపోథెసిస్ ఏంటి?"

"నాదీ అదే."

ఐసు కరగకుండా ఉండాలంటే ప్రయోగం బయటే జరగాలి. దియ కోటూ టోపీ తొడుక్కుని డెక్ మీదికి వెళ్ళింది. ఇమ్మాన్యుయేల్ అద్దాల తలుపు ఒక అడుగు మేర తెరిచి, లోపలే నిలబడి చెప్పసాగారు. బూటు మధ్యలో పెట్టమన్నారు. ట్రే ఒక అంచు మెల్లగా ఎత్తమన్నారు. స్కేలు నిలువుగా పట్టుకోమన్నారు.

"అంకుల్, నాకు రెండు హ్యాండ్సే ఉన్నాయి!"

లావాటి ఊలు గ్లవుసులతో ట్రే ఎత్తితే స్కేలు పడిపోతోంది, స్కేలు పట్టుకుంటే ట్రే వంకరవుతోంది. బూటు రెండుసార్లు పక్కకి ఒరిగింది. ఇమ్మాన్యుయేల్ వెనక్కి తిరిగి చూశారు. షెరిన్ అప్పుడే మేడ మీదికి వెళ్ళింది. పిలిస్తే వస్తుంది. పిలవలేదు. తలుపు ఇంకొంచెం తెరిచి, తలుపు అంచు పట్టుకుని ఎడమ కాలు డెక్ మీద పెట్టారు. చెక్క మీద పొడి మంచు కర్‌మంది. విరిగిన కుడి కాలు కూడా తెచ్చి పక్కన పెట్టి, మోకాళ్ళు వంచి, అక్కడే కూలబడినట్టు కూర్చున్నారు. దియ ఆ సంగతేమీ గమనించలేదు. స్కేలు ఆయన చేతిలో పెట్టి, "స్ట్రెయిట్‌గా పట్టుకోండి" అంది.

ఒక్కొక్క బూటే మూడేసిసార్లు పెట్టారు. గడ్డకట్టిన ఐసు పొడిగా, అద్దంలా ఉంది. దాని మీద బూట్లేవీ ఇమ్మాన్యుయేల్ అనుకున్నంత తొందరగా జారలేదు. ఆయన కొత్త బూటు బాగానే పట్టుకుంది, కానీ మొదటి స్థానం దానిది కాదు. షెరిన్ హాస్పిటల్ జోడు దాన్ని కొద్దిలో దాటేసింది.

"ఆంటీ స్లిప్పర్స్ విన్!" అని దియ అరిచింది.

వేళ్ళు కొంకర్లు పోతుండడంతో ఇద్దరూ లోపలికి వచ్చేశారు. షెరిన్ మేడ దిగి వచ్చేసరికి ఆయన చొక్కా మీద మంచు పొడి, ముక్కు ఎర్రగా. ఆవిడ హాట్ చాక్లెట్ కలిపి ఇద్దరికీ ఇచ్చింది. వాళ్ళు తాగేంతసేపూ ట్రే వంటింటి బల్ల మీదే ఉంది. దియ దాన్ని వేలితో ముట్టుకుని, "ఇప్పుడు తడిగా అయింది" అంది. పైన సన్నటి నీటి పొర మెరుస్తోంది.

"ఇప్పుడు కూడా ఒకసారి చేద్దాం" అన్నారు ఇమ్మాన్యుయేల్.

కొత్త బూటు పెట్టి ట్రే ఇలా ఎత్తారో లేదో, సర్రున వచ్చి స్కేలుని తన్నింది. ఆయన తానే సరిగ్గా పట్టుకోలేదనుకుని మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. అంగుళం కూడా లేవలేదు. లోతైన గాట్లున్న ఆ గట్టి అడుగు తడి ఐసు మీద గాజు గ్లాసులా జారింది. మిగతా బూట్లూ ముందుకంటే తొందరగానే జారాయి కానీ, షెరిన్ మెత్తటి జోడు మాత్రం కాస్త ఆలోచించుకుని జారింది.

దియ చప్పట్లు కొడుతోంది. ఇమ్మాన్యుయేల్ బూటు చేతిలోకి తీసుకుని అడుగు మీద బొటనవేలు గట్టిగా నొక్కి చూశారు. రబ్బరు కొంచెమైనా లోపలికి పోలేదు. ఆ తర్వాత నీళ్ళు నిలిచిన ట్రే వంక చూశారు.

ఆయన పడ్డ రోజు ఎండగా ఉంది. ఇంటి ముందు ఐసు మీద ఇలాగే సన్నటి నీటి పొర ఉంది. ఈ సంగతి ఆయనకి తెలియనిదేం కాదు. ఐసు కరిగే వేడికి దగ్గరైన కొద్దీ జారుడు పెరుగుతుందని ఆయన చదువుకున్నారు, టైర్ల వాళ్ళతో దాని మీద వాదించారు కూడా. అయినా కాలు విరిగాక భయపడింది చలికి. సున్నా డిగ్రీలకి తలుపులు మూసుకున్నారు. ముప్ఫై మూడు డిగ్రీలున్న రోజున, హమ్మయ్య, కాస్త నయం అని కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు.

"షెరిన్, నేను పడ్డ రోజు టెంపరేచర్ ఎంతో గుర్తుందా?"

"నేనెలా గుర్తుపెట్టుకుంటాను? స్వెటర్ కూడా లేకుండా వెళ్ళారు, అంత వెచ్చగా ఉంది. అది మాత్రం గుర్తుంది."

"అదే" అన్నారాయన.

సైన్స్ నైట్‌కి చార్టు తయారుచేసేటప్పుడు చిన్న గొడవ వచ్చింది. దియ పెద్ద అట్ట మీద 'నా ఊహలు' అని రాసి, కింద రెండు రాసింది. ఒకటి, బరువైన బూటు ముందు జారుతుంది. రెండు, అంకుల్ బూట్లు గెలుస్తాయి. ఒక్కోదాని పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'తప్పు' అని ఇంగ్లీషులో రాసింది. రష్మి ఆఫీసు కాల్ ముగించుకుని వచ్చి చూసి గతుక్కుమంది.

"అయ్యో, గట్ల ఎందుకు రాసినవ్ బేటా? హైపోథెసిస్ మార్చి రాద్దాం. 'వెయిట్ మ్యాటర్ కాదు అనుకున్నాను' అని రాస్తే కరెక్టే అయితది కదా."

"కానీ నేను అట్లా అనుకోలేదు, మమ్మీ."

"అంకుల్, మీరన్న చెప్పండి. అందరు పిల్లలు కరెక్ట్ అయింది అనే రాస్తరు. దీనిదొక్కదాన్దే రెండు రాంగ్ అని ఉంటే టీచర్ ఏమనుకుంటది?"

భర్త పక్కన లేక, ఆఫీసులో ఎవరి ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియక రష్మి కొన్ని నెలలుగా నలిగిపోతోందని ఇమ్మాన్యుయేల్‌కి తెలుసు. కూతురి చార్టు మీదైనా అన్నీ సరిగ్గా ఉండాలని ఆ అమ్మాయి కోరుకోవడం ఆయనకి తప్పుగా తోచలేదు.

"నేను ఇంజనీరునమ్మా. నా బూట్లే గెలుస్తాయని నేనూ అనుకున్నాను" అన్నారు. "కావాలంటే దాని పక్కన నా పేరు కూడా రాయమను. అప్పుడు తప్పు దియ ఒక్కదానిదే అవదు."

దియ వెంటనే 'దియ అండ్ ఇమ్మాన్యుయేల్ అంకుల్' అని రాసేసింది. రష్మి తల పట్టుకుంది, కానీ నవ్వింది కూడా. "సరే తియ్. కనీసం ఆ రెడ్ పెన్ను తీసి ఆరెంజ్‌తోని రాయి" అంది. దియ దానికి ఒప్పుకుంది.

సైన్స్ నైట్ గురువారం సాయంత్రం. ఆ రోజు ప్రొద్దుటినుంచి ఫోనులో అంకె ముప్ఫై రెండు దగ్గరే తచ్చాడుతోంది. మధ్యాహ్నం నుంచి సన్నటి వాన. పడ్డ చినుకు పడ్డట్టే నేల మీద గడ్డ కడుతోంది. అన్నిటికన్నా చెడ్డ వాతావరణం ఏదని దియ చార్టు చెబుతోందో, బయట అదే ఉంది. షెరిన్‌కి సాయంత్రం డ్యూటీ. ఫోన్ చేసి, "వెళ్ళకండి. పిల్లకి రేపు చెప్పుకుందాం" అంది.

"వస్తానని చెప్పాను" అన్నారాయన.

"మీకేమన్నా అయితే?"

"మెల్లగా వెళ్తాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది."

కొత్త బూట్లు ముట్టుకోలేదు. పాత మెత్తటి బూట్లు వేసుకుని, వాటి మీద చిన్న చిన్న ఇనుప ముళ్ళున్న రబ్బరు పట్టీలు తొడుక్కున్నారు. అవి ఆ వారమే కొన్నారు. ముందుగా ట్రే మీద పరీక్ష కూడా చేశారు. ముళ్ళ బూటు పెట్టి ఎత్తితే చేతులు నొప్పి పుట్టాయి గానీ బూటు కదల్లేదు.

స్కూలు పార్కింగ్ నిండిపోయి చివర్లో చోటు దొరికింది. లైట్ల కింద తారు నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. కారు తలుపు పట్టుకుని దిగి, పాదం పూర్తిగా ఆనించి, దాని మీద బరువు మోపి, ఆ తర్వాతే రెండోది కదిపారు. చిన్న అడుగులు, మోకాళ్ళు కొద్దిగా వంచి, బాతులా. పిల్లల్ని లాక్కుంటూ పోతున్న తల్లిదండ్రులు ఆయన్ని దాటిపోతున్నారు. ఒకచోట ముందు నడుస్తున్న ఒకాయన కాలు జారి, ఆగి ఉన్న కారు అద్దం పట్టుకుని నిలబడ్డాడు. ఇంకాస్త ముందుకు వెళ్ళాక ఇమ్మాన్యుయేల్ ఎడమ కాలు కూడా ముళ్ళతో సహా బెత్తెడు జరిగింది. అలాగే బిగుసుకుని నిలబడ్డారు. పడలేదు. ఎవరో "యూ ఓకే, సర్?" అని అడిగారు. "గుడ్, గుడ్" అని మళ్ళీ నడిచారు.

లోపల జిమ్ చెక్క నేల పాడవకుండా ముళ్ళ పట్టీలు విప్పి చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. పొంగిన నాలుగు అగ్నిపర్వతాలూ దాటుకుని వెళ్తే మూలన దియ బల్ల కనిపించింది. ట్రేలో ఐసు అప్పటికే సగం కరిగి ముక్కలు ముక్కలుగా తేలుతోంది. రష్మి కంగారుగా టిష్యూలతో నీళ్ళు తుడుస్తోంది. ఆయన్ని చూసి నోరు తెరిచింది.

"అంకుల్! ఈ వెదర్‌ల మీరు డ్రైవ్ చేసుకుంట వచ్చిన్రా?"

"మెల్లగా వచ్చాను."

దియకి పలకరించే తీరిక లేదు. ఐసు కరిగిపోయేసరికి ట్రే మానేసి, పలక మీదికి మారింది. వచ్చినవాళ్ళ బూటే ఒకటి విప్పించి, దాన్ని పలక మీద పెట్టి ఎత్తుతోంది. దాంతో ఆ బల్ల ముందు ఒంటి కాలి మీద నిలబడ్డ పెద్దమనుషుల వరుస తయారైంది. పరీక్షించడానికి వచ్చిన టీచరమ్మ చార్టంతా చదివి, ఆరెంజ్ రంగులో ఉన్న రెండు 'తప్పు'ల దగ్గర ఆగింది.

"రెండు ఊహలూ తప్పాయా? మరి దీనివల్ల ఏం తెలుసుకున్నావ్?" అని ఇంగ్లీషులో అడిగింది.

"అంకుల్ తన బూట్లు రిటర్న్ చేయాలని" అంది దియ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వి, ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ఆ స్కూల్లో ఆ వయసు పిల్లలకి బహుమతులు ఉండవు. పాల్గొన్న అందరికీ తలా ఒక రిబ్బను ఇచ్చారు. దియ తన రిబ్బనుని చార్టుకి అంటించి, ఇంటికెళ్ళే దారిలో వానలో చార్టు తడిపేసుకుంది.

బూట్లు రిటర్న్ తీసుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇమ్మాన్యుయేల్ వాటిని గరాజు సర్దేటప్పుడు మాత్రం వేసుకుంటున్నారు.

ఆ తర్వాత వారం చలి మళ్ళీ విరుచుకుపడింది. స్కూళ్ళు రెండు గంటలు ఆలస్యంగా తెరిచారు. అలాంటి ప్రొద్దున ఇమ్మాన్యుయేల్ టిఫిన్ డబ్బా పట్టుకుని ల్యాబుకి బయల్దేరారు. నెలల తర్వాత ఆయన్ని చూసి పక్క సీటాయన, ఇన్ని రోజులు ఇంట్లో ఉండి ఇవాళే వచ్చావేమిటని అడిగాడు. "ఇవాళ పొడిగా ఉంది" అన్నారు ఆయన. పక్క సీటాయనకి అర్థం కాలేదు. ఆ చలికాలమంతా అదే వరస. అంకె కిందికి పోయిన రోజు ఆఫీసుకీ, చర్చికీ వెళ్ళేవారు. ఎండ కాసి, అందరూ కోట్లు విప్పుకుని బయటికి వచ్చిన రోజు ఇంట్లోనే లాప్‌టాప్ తెరిచేవారు, లేదా ముళ్ళ పట్టీలు వెతుక్కునేవారు.

"ఎండ వస్తే ఊరంతా బయటికి వస్తుంది, మీరొక్కరు లోపలికి పోతారు" అనేది షెరిన్.

భయం పూర్తిగా పోయిందని చెప్పలేం. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ రెయిలింగ్ వదలరు. వాన వెలిసిన రోజు చీలమండలో ప్లేటు ఉన్నచోట సన్నగా సలుపుతుంది. కానీ హాల్లోంచి కిచెన్‌కి నడిచే నడక ఆగిపోయింది.

ఫిబ్రవరి చివర్లో తేజేశ్వర్‌కి స్టాంపింగ్ అయి తిరిగి వచ్చాడు. దియ సాయంత్రాలు రావడం తగ్గింది. ఈతలో చేరిందని, ఆ క్లాసులతోనే సరిపోతోందని రష్మి చెప్పింది. ఒక ఆదివారం షెరిన్ డ్యూటీలో ఉండగా ఇమ్మాన్యుయేల్ ఒక్కరే చర్చికి బయల్దేరారు. బయట ఎనిమిది డిగ్రీలు. గుమ్మం ముందు దింపేవాళ్ళు లేరు కాబట్టి కారు పార్కింగ్ చివర ఆపుకుని, పొడి మంచు కర్‌కర్‌మంటుంటే నడిచి లోపలికి వెళ్ళారు. అప్పటికే మొదటి కీర్తన ఎత్తుకున్నారు. వెనక వరసలో చోటు చూసుకుని నిలబడి, రెండో చరణం దగ్గర గొంతు కలిపారు.